డెబ్బై రెండో వంతులో ఒక జీరో: మందంతోనే అసలు పేచీ

ప్లాస్టిక్ మోడల్ కిట్ల 1/72 స్కేల్లో (అసలు విమానంలో డెబ్బై రెండో వంతు) 0.1 మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద 7.2 మిల్లీమీటర్లు. చిన్న స్కేల్ మోడల్ బాగా వచ్చిందా, బొమ్మలా మిగిలిపోయిందా అన్నది దాదాపుగా ఈ ఒక్క లెక్కతోనే తేలుతుంది. రెక్క వెనక అంచు, కానోపీ (పైలట్ మీది పారదర్శక మూత) గాజు, చక్రాల తలుపులు, రంగు పొర, డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తు) ఫిల్మ్: వీటన్నిటికీ ఉన్న జబ్బు ఒకటే, మందం. ఇంజన్‌కు వైర్లు పెట్టి, కాక్‌పిట్‌లో గడియారాలు గీసి, రెక్క అంచును మాత్రం కిట్‌లో వచ్చినట్టే వదిలేసిన మోడల్స్ చాలా కనిపిస్తాయి. అడుగు దూరం నుంచి చూస్తే గడియారాలు కనబడవు, అంచు కనబడుతుంది.

ఈ కేసులో విమానం మిత్సుబిషి ఎ6ఎం2, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన ఫైటర్ జీరోలో 21వ మోడల్. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీదికి అకాగి విమానవాహక నౌక నుంచి వెళ్లిన రూపంలో, తోక మీద ఎఐ-155 అంకెతో. మొదటి దఫా ఫైటర్లను నడిపించిన లెఫ్టినెంట్ కమాండర్ షిగేరు ఇతాయా విమానం అది. అసలు రెక్కల నిడివి 12 మీటర్లు, కాబట్టి మోడల్‌కు 166.7 మి.మీ.; పొడవు 9.06 మీటర్లు, మోడల్‌కు దాదాపు 126 మి.మీ. టమియా, హసెగావా, ఎయిర్‌ఫిక్స్ మూడు కిట్ కంపెనీలూ ఈ స్కేల్లో ఈ మోడల్‌ను ఇచ్చాయి. ఏది తీసుకున్నా కింద చెప్పిన పని మారదు, ఎంత అరగదీయాలన్నదే మారుతుంది.

మనవైపు జపాన్ విమానం అనగానే 1942 ఏప్రిల్ 6 గుర్తొస్తుంది. ఆ రోజు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో నౌక నుంచి లేచాయి. అవి జీరోలు కావు, నకాజిమా బి5ఎన్ బాంబర్లు. విశాఖ దాడి డయోరామా (దృశ్య నమూనా) కట్టాలని జీరో కిట్ కొనేవాళ్లు ముందుగా ఈ సంగతి చూసుకోవాలి.

రెక్క వెనక అంచు

డబ్బా తెరిచాక మొదట చేయాల్సిన పని కాక్‌పిట్ కాదు, ఇది. పై రెక్క, కింది రెక్క రెండూ అతికాక వెనక అంచు 0.7 నుంచి 0.8 మి.మీ. మందం తేలింది. 72తో హెచ్చిస్తే ఐదు సెంటీమీటర్ల పైమాట. అసలు జీరో చర్మం చాలా చోట్ల ఒక మిల్లీమీటరు కంటే పలచన. బరువు తగ్గించడానికి దాన్ని రూపొందించిన హొరికోషి జిరో బృందం ప్రతి భాగాన్నీ గ్రాముల్లో తూచింది. అలాంటి విమానానికి ఐదు సెంటీమీటర్ల మొద్దు అంచు నప్పదు.

పద్ధతి ఇది. చదునైన గాజు పలక మీద 240 నంబరు ఉప్పుకాగితాన్ని అంటించాలి. పై రెక్క ముక్కను లోపలి వైపు కిందకి పెట్టి, వేలి ఒత్తిడి వెనక అంచు మీద మాత్రమే పడేలా, గుండ్రంగా కాకుండా ఒకే దిక్కులో లాగాలి. ఇరవై లాగులకు ఒకసారి రెండు ముక్కల్నీ జోడించి చూడాలి. అతికాక 0.3 మి.మీ. వస్తే ఆపేయాలి. అంతకంటే పలచన చేస్తే అంచు అలలు తేలుతుంది, గ్లూ తగలగానే మెత్తబడి వంగుతుంది. పైన చెక్కిన గీతలు చెడకూడదు కాబట్టే అరగదీత లోపలి వైపు నుంచి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. అంచు మీద ఒత్తుతున్నామనుకుంటూ చక్రం గుంట గోడల మీద కూడా ఒత్తేస్తాం. గోడలు అరిగితే పై రెక్క కిందికి జారుతుంది, రెక్క మొదట్లో, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) పక్కన సందు తెరుచుకుంటుంది. ఈ మోడల్‌లో ఎడమవైపు అలా 0.2 మి.మీ. సందు వచ్చింది. గుంట గోడ మీద 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీట్ ముక్క అతికించి, కొద్దిగా గీకి సరిచేయాల్సి వచ్చింది. ఆ గోడల మీద ముందే మాస్కింగ్ టేప్ ఒక పొర అంటించి ఉంటే, టేప్ అరగడం కనబడగానే తెలిసేది.

రెక్క మొదలు, సందు ఎందుకు ఉండకూడదు

జీరోలో రెక్క, కాక్‌పిట్ ఉన్న ముందు ఫ్యూజలాజ్ ఒకే ముక్కగా కట్టారు. విడదీసే చోటు కాక్‌పిట్ వెనక ఫ్యూజలాజ్ మీద ఉంటుంది. అందుకే రెక్క మొదట్లో ఉండేది నున్నగా వంపు తిరిగిన ఫిల్లెట్ రేకు మాత్రమే. అక్కడ పుట్టీ నింపి గీత మూసేయడం తప్పు, నల్లటి సందు వదలడమూ తప్పు. ఫిల్లెట్ గీత సన్నగా, చెక్కినట్టు మిగలాలి.

రెక్కను పొడిగా జోడించి చూస్తే సందు 0.3 మి.మీ. ఉందనుకోండి. సాధారణంగా కారణం ఫ్యూజలాజ్ సగాలు దగ్గరగా లాగుకుపోవడం. కాక్‌పిట్ వెనక, బయటికి కనబడని చోట, స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క ఒకటి అడ్డంగా పెట్టి వాటిని విడదీస్తే సందు మూసుకుంటుంది. పుట్టీ అక్కర్లేదు. ఆ తర్వాత రెక్కల రెండు కొసల్ని ఫ్యూజలాజ్ పైనుంచి టేప్‌తో కలిపి లాగి పెట్టి, పల్చటి గ్లూను కుంచెతో సందులోకి తాకిస్తే చాలు, అదే పాకుతుంది. బల్ల మీద పెట్టి రెండు కొసల ఎత్తూ స్కేలుతో కొలవాలి. అర మిల్లీమీటరు తేడా కూడా ముందు నుంచి చూస్తే తెలిసిపోతుంది.

కొస వైపు రెక్క 2.5 డిగ్రీలు మెలిక తిరిగి ఉంటుంది. నెమ్మదిగా ఎగిరేటప్పుడు కొసలు ముందుగా పట్టు తప్పకుండా చేసిన ఏర్పాటు అది. మంచి కిట్లలో ఈ మెలిక అచ్చులోనే ఉంటుంది. రెక్కను ఎండబెట్టేటప్పుడు చదునైన బల్ల మీద బరువు పెట్టి నొక్కితే ఆ మెలిక పోతుంది. ‘రెక్క వంకరగా వచ్చింది’ అనుకుని వేడినీళ్లలో పెట్టి సరిచేసినవాళ్లూ ఉన్నారు.

అతుకులు ఆరడానికి కనీసం 24 గంటలు, ఫ్యూజలాజ్ పై అతుకుకు 48 గంటలు ఇవ్వాలి. గ్లూ ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. ద్రావకం పూర్తిగా ఆవిరయ్యేదాకా అతుకు లోపలికి కుంగుతూనే ఉంటుంది. తొందరపడి రుద్దితే ఆ రోజు నున్నగా కనబడుతుంది, రంగు వేసిన వారానికి సన్నటి గాడి తేలుతుంది.

కాక్‌పిట్, ఇంజన్: ఎక్కడ ఆగాలి

కాక్‌పిట్ రంగుకు టమియా ఎక్స్‌ఎఫ్-71 (ఆకుపచ్చ) సరిపోతుంది. పెట్టాల్సిన శ్రమ సీటు మీద. కిట్ సీటు గోడ అర మిల్లీమీటరు, అంటే అసల్లో 36 మి.మీ. కత్తి అంచుతో గీకి 0.2 వరకు తేవాలి. సీటు వీపుకు బరువు తగ్గించే కంతలు ఉంటాయి. కిట్‌లో గుంటలుగా ఉంటే 0.3 మి.మీ. డ్రిల్లుతో తొలచాలి. నడుము బెల్టుకు మాస్కింగ్ టేప్ 0.7 మి.మీ. వెడల్పున కోస్తే సరి. ప్యానెల్ గడియారాలకు డెకాల్, దానిమీద ఒక్కొక్క చుక్క గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్. కానోపీ మూసి పెట్టేట్టయితే ఇంతకంటే ఎక్కువ పని దండగ.

సకాయే 12 ఇంజన్‌కు రెండు వరుసల్లో 14 సిలిండర్లు. కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు) నోరు చిన్నది, మధ్యలో స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని టోపీ) అడ్డం. కనబడేది ముందు వరుస ఏడు సిలిండర్లు, అదీ సగం. పాత ఛార్జర్ కేబుల్ ఒలిస్తే దొరికే 0.1 మి.మీ. రాగి తీగతో ముందు వరుసకు స్పార్క్ వైర్లు పెట్టి ఆపేయడం తెలివైన పని. వెనక వరుసకు పెట్టిన వైర్లు మోడల్ చేసినవాడికి తప్ప ఎవరికీ కనబడవు.

తుపాకుల దగ్గర మాత్రం జాగ్రత్త. 52వ మోడల్ జీరోలో 20 మి.మీ. తుపాకీ గొట్టం రెక్క ముందుకు పొడుచుకు వస్తుంది. 21వ మోడల్‌లో అలా రాదు, గొట్టం కొస రెక్క ముందు అంచుతో దాదాపు సమంగా ఉంటుంది. రెండు రకాలకూ కలిపి ఇచ్చే స్ప్రూ ఉంటే తప్పు గొట్టం అతికించడం సులభం. మెడికల్ షాపులో దొరికే 25 గేజ్ సిరంజీ సూది ఇక్కడ అచ్చంగా సరిపోతుంది: బయట 0.5 మి.మీ., లోపలి కంత పావు మిల్లీమీటరు పైన. 20 మి.మీ.ను 72తో భాగిస్తే 0.28. సూదిని చిన్న రాయితో అడ్డంగా కోసి, అంచుకు సమంగా దించాలి. ఎడమ రెక్క మీది పిటో గొట్టానికి (గాలి వేగం కొలిచేది) 27 గేజ్ సూది. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ పిటో, రంగు వేసేలోపు ఎలాగూ విరుగుతుంది. అందుకే సూదిని అన్నిటికంటే చివర్లో పెట్టాలి.

చక్రాల తలుపులు 0.6 మి.మీ. ఉంటాయి. మొత్తం పలచన చేయనవసరం లేదు. లోపలి వైపు అంచుల్ని చుట్టూ ఏటవాలుగా గీకి 0.2కి తెస్తే తలుపు రేకులా కనిపిస్తుంది. ఇది కంటిని మోసగించడమే, కానీ పనిచేస్తుంది. గేర్ కాళ్లు సెమీగ్లాస్ నలుపు, పిస్టన్ భాగం మెరిసే వెండి.

రంగు: వాదన కొంచెం, పొరల లెక్క ఎక్కువ

యుద్ధం మొదట్లో జీరో రంగు తెలుపు కాదు, ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు. 1942 నాటి జపాన్ నౌకాదళ పరీక్షల నివేదికలో దాన్ని ‘అమే’ వైపు కొద్దిగా మొగ్గిన బూడిదగా రాశారు. అమే అంటే పాకం మిఠాయి. మన లెక్కలో పలచటి బెల్లంపాకం ఛాయ అనుకోవచ్చు. దాన్ని పట్టుకుని గోధుమరంగు జీరోలు చేసినవాళ్లున్నారు. అది అతి. టమియా ఎక్స్‌ఎఫ్-76 (ఆకుపచ్చ ఛాయ బూడిద) ఇరవై చుక్కలకు తెలుపు ఎక్స్‌ఎఫ్-2 మూడు చుక్కలు కలిపితే ఈ స్కేల్‌కు నప్పుతుంది. చిన్న వస్తువు మీద అసలు రంగు ముదురుగా తోస్తుంది కాబట్టే ఆ తెలుపు. ఏలరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్ (రెక్కల మీద, తోక మీద కదిలే పలకలు) గుడ్డ కప్పినవి. వాటికి ఇంకాస్త లేత బూడిద, మెరుపు తక్కువ. ఒక్క ఈ తేడా చూపిస్తే ప్యానెల్ షేడింగ్ సగం అక్కర్లేకుండా పోతుంది.

ఇక పొరలు. మిస్టర్ సర్ఫేసర్ 1500 (ప్రైమర్) ఒక భాగానికి లెవలింగ్ థిన్నర్ రెండు భాగాలు, ఎయిర్‌బ్రష్‌కు 0.2 లేదా 0.3 నాజిల్, 15 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి. రెండు పల్చటి దఫాలు. దాని మీద ఎక్స్‌ఎఫ్-76 మిశ్రమం ఒకటికి థిన్నర్ ఒకటిన్నర, 12 నుంచి 15 పీఎస్‌ఐ, మూడు దఫాలు. ప్రైమర్, రంగు, గ్లాస్, డెకాల్, చివరి కోటు అన్నీ కలిసి 0.1 మి.మీ. దాటితే సన్నటి ప్యానెల్ గీతలు పూడిపోతాయి. కుంచెతో వేయలేమా అంటే వేయవచ్చు, కానీ నాలుగు పల్చటి పొరలు వేయాలి, ఒక్కోదానికీ ఓ రోజు. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ కడుక్కోవడానికి మాత్రమే. రంగులో కలిపితే ప్లాస్టిక్ ఉపరితలాన్ని తినేస్తుంది, నారింజ తొక్కలా గరుకు తేలుతుంది.

కౌలింగ్ పూర్తి నలుపు కాదు, నీలం కలిసిన నలుపు: మిస్టర్ కలర్ 125. అది లేకపోతే ఎక్స్‌ఎఫ్-1 (నలుపు) తొమ్మిది చుక్కలు, ఎక్స్‌ఎఫ్-8 (నీలం) ఒక చుక్క, పైన సెమీగ్లాస్.

హినోమారు, అంటే జపాన్ గుర్తైన ఎర్ర సూర్యబింబాలు, ఆరు: రెక్కల పైన రెండు, కింద రెండు, ఫ్యూజలాజ్ పక్కల రెండు. ఈ కాలపు వాటికి తెల్ల అంచు లేదు. కిట్ డెకాల్ వాడొచ్చు. కానీ పెద్ద రెక్క బింబం డెకాల్ వేస్తే దాని ఫిల్మ్ అంచు గుండ్రంగా మెట్టులా కనబడుతుంది. రంగు వేయడమే మేలు. డెకాల్ వ్యాసాన్ని కొలిచి, కంపాస్ కత్తితో మాస్కింగ్ షీట్ కోయాలి. మాస్క్ అంటించాక ఎరుపు వేయకూడదు. ముందు అడుగు బూడిద రంగునే మాస్క్ అంచు మీద పలుచగా పిచికారీ చేయాలి. అంచు కిందికి ఏదైనా పాకేదుంటే ఆ బూడిదే పాకి సందు మూస్తుంది. తర్వాత ఎక్స్‌ఎఫ్-7 పది చుక్కలు, ఎక్స్‌ఎఫ్-9 ఒక చుక్క కలిపిన ఎరుపు. పల్చగా మూడు దఫాలు వేసి, చివరి దఫా ఇంకా పచ్చిగా ఉండగానే మాస్క్ తీయాలి. ఈ మోడల్ కుడి రెక్క కింద మాస్క్‌ను మర్నాటిదాకా వదిలేయడంతో అంచు చుట్టూ గట్టు లేచింది. 2500 నంబరు కాగితంతో తడిపి రుద్దితే దిగింది గానీ ఒకచోట బూడిద పోయి ప్రైమర్ కనబడింది, మళ్లీ అద్దాల్సి వచ్చింది.

అకాగి గుర్తు ఫ్యూజలాజ్ వెనక భాగం చుట్టూ ఒక్క ఎర్ర పట్టీ. రెండు ఎర్ర పట్టీలుంటే ‘కాగా’ నౌక, ఒక నీలం సోర్యు, రెండు నీలాలు హిర్యు, తెల్ల పట్టీ ఒకటి షోకాకు, రెండు జుయికాకు. డెకాల్ షీట్ వేరే నౌకది అయితే పట్టీ, తోక అంకె రెండూ కలిపే మార్చాలి. ఒకటి మార్చి మరొకటి వదిలేసిన మోడల్స్ ప్రదర్శనల్లో కూడా కనిపిస్తాయి.

కానోపీ

కానోపీ గాజు 1 మి.మీ. మందం అంటే అసల్లో 72 మి.మీ. గాజు. మూసి పెడితే ఎవరూ గమనించరు. తెరిచి పెట్టాలంటే మధ్య భాగం వెనక దాని మీదికి జరగాలి, కిట్ మందంతో అది కుదరదు. అప్పుడు పల్చటి షీట్‌తో చేసిన వాక్యూమ్ ఫార్మ్ కానోపీ కొనాలి లేదా మూసెయ్యాలి. ఈ మోడల్‌కు మూసేశాం.

ఫ్రేములు ఎక్కువ, సన్నవి. ముందే కోసిన మాస్క్ సెట్ దొరికితే కొనడం బుద్ధిమంతుల పని. లేకపోతే మాస్కింగ్ టేప్‌ను గాజు పలక మీద అంటించి 0.4 మి.మీ. పేలికలుగా కోసి, ఒక్కో గాజు గది అంచుల్ని పేలికలతో కట్టి, మధ్యను మాస్కింగ్ ద్రవంతో నింపాలి. ముందు కాక్‌పిట్ ఆకుపచ్చ, దాని మీద బయటి బూడిద. లోపలి నుంచి చూస్తే ఫ్రేము ఆకుపచ్చగా కనబడటం ఈ వరుస వల్లే. అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరి గాజు లోపల తెల్లటి మసకగా పేరుకుంటుంది, కానోపీ ఊడబీకి పాలిష్ చేస్తే తప్ప అది పోదు.

పాతదనం, చివరి కోటు

పెర్ల్ హార్బర్ నాటి అకాగి జీరోలు కొత్తవి, చక్కగా చూసుకున్నవి, రంగు కాస్త నిగనిగలాడేది. వెండి మచ్చలు, ఊడిన రంగు పెచ్చులు 1943 తర్వాత దక్షిణ పసిఫిక్ దీవుల్లో ఎండావానల్లో పడి ఉన్న విమానాల కథ, ముఖ్యంగా పైన ఆకుపచ్చ పూసినవాటిది. ఈ మోడల్‌కు పెట్టింది రెక్క మొదట్లో పైలట్ కాలు పెట్టే చోట కొద్దిగా మురికి, ఎగ్జాస్ట్ గొట్టాల వెనక సన్నటి గోధుమ చారిక. అంతే.

ప్యానెల్ గీతల వాష్‌కు (గీతల్లోకి దించే పల్చటి రంగుకు) నలుపు పనికిరాదు. లేత బూడిద మీద నల్ల గీత గళ్ల లుంగీలా ఉంటుంది. ముదురు బూడిదలో కాస్త గోధుమ కలిపిన ఎనామెల్ వాష్ చాలు. వాష్‌కు ముందు గ్లాస్ కోటు తప్పనిసరి. ఎనామెల్ థిన్నర్ ఉత్త ప్లాస్టిక్‌లోకి, ముఖ్యంగా బిగుతుగా అతికించిన చోట్ల ఇంకితే ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. గేర్ కాలు ఉన్నట్టుండి విరిగే కారణాల్లో ఇదొకటి.

డెకాల్స్ కూడా గ్లాస్ మీదే వేయాలి. గరుకు ఉపరితలం మీద వేస్తే కింద గాలి చిక్కి, అంకె చుట్టూ వెండిలా మెరుస్తుంది. అలా మెరిస్తే సూదితో గుచ్చి మార్క్ సాఫ్టర్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) చుక్క పెట్టాలి, ఒక్కసారికి లొంగకపోతే మర్నాడు ఇంకోసారి.

సెమీగ్లాస్ చివరి కోటు వేసే రోజు గాలిలో తేమ చూసుకోవాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ఊళ్లలో వర్షాకాలం ఇది పెద్ద బెడద. లక్కర్ ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద వాలి కోటులో చిక్కుతుంది, రెక్క తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. తేమ 70 శాతం దాటితే పని మానెయ్యడం మేలు. ఈ మోడల్ ఎడమ రెక్క అలాగే తెల్లబడింది. మళ్లీ కోటు వేయలేదు. లెవలింగ్ థిన్నర్‌ను ఒక్కదాన్నే, 10 పీఎస్‌ఐతో, అరడుగు పైనుంచి మంచులా రెండుసార్లు చల్లితే చిక్కిన తేమ బయటపడి తెలుపు పోయింది. దగ్గర్నుంచి తడిగా చల్లితే కింది రంగు కూడా కరుగుతుంది.

చివర్లో మిగిలేది సన్నటి పని. ప్రొపెల్లర్ వ్యాసం 2.9 మీటర్లు, మోడల్‌కు 40 మి.మీ. ముందువైపు మెరిసే లోహం, కొసల దగ్గర రెండు ఎర్ర గీతలు; పైలట్ వైపు ముదురు గోధుమ మ్యాట్. ఎడమ రెక్క కొస లైటు ఎరుపు, కుడిది నీలం, రెండూ పారదర్శక రంగులతో. యాంటెనా స్తంభాన్ని 0.4 మి.మీ.కు గీకి, అక్కడి నుంచి తోక కొసకు సాగే దారం ఒకటి. 0.05 మి.మీ. దారం అసల్లో 3.6 మి.మీ. అవుతుంది. తల వెంట్రుక అంతకంటే మందం, పైగా ఎండకూ తేమకూ సాగి వదులవుతుంది. దారాన్ని ముందు తోక వైపు అంటించి, ఆరాక స్తంభం వైపు లాగాలి. మరీ బిగిస్తే 0.4కు గీకిన స్తంభం వెనక్కి వంగుతుంది, అది వంగిందా లేదా అన్నది పక్కనుంచి చూస్తూనే రెండో చుక్క పెట్టాలి.